మానిటర్ ఏదో అడగకుండా గ్రాఫిక్స్ కార్డు అమ్మవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను నల్లగొండలో కంప్యూటర్ హార్డ్‌వేర్, ఆటోక్యాడ్ (కంప్యూటర్ మీద ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) నేర్పే వృత్తిలో ఉన్నాను. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ అడ్మిషన్లు మొదలైతే చాలు, దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్, కల్వకుర్తి వైపు నుంచి తల్లిదండ్రులు దుకాణాల వాళ్లు రాసిచ్చిన కొటేషన్ కాగితాలు పట్టుకొని వచ్చి, "సార్, ఇది తీసుకోవచ్చా?" అని అడుగుతుంటారు. ఆ కాగితాలన్నిటిలో నాకు కనిపించే లోపం ఒక్కటే. దాని గురించి మీ పత్రిక ద్వారా జిల్లా ప్రజలకు, ముఖ్యంగా కంప్యూటర్లు అమ్మే మిత్రులకు విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాగితం మీద సాధారణంగా ఉండేది ఇది: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 22 అంగుళాల మానిటర్, క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె). తెర మీది బొమ్మలను తయారు చేసే ఆ గ్రాఫిక్స్ కార్డు పేరు ఉండదు. మానిటర్ అంగుళాలు ఉంటాయి గానీ దాని రిజల్యూషన్ (తెర మీద ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క) ఎంతో, సెకనుకు ఎన్నిసార్లు తెరను మారుస్తుందో ఉండదు. ఈ రెండూ తెలియకుండా ఆ కార్డు సరిపోతుందో లేదో చెప్పడం ఎవరివల్లా కాదు. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో చూసుకోకుండా ఎన్ని హెచ్‌పీల మోటారు కావాలో మన రైతు ఎవరూ నిర్ణయించడు. మోటారుకు లోతు ఎట్లాంటిదో, గ్రాఫిక్స్ కార్డుకు మానిటర్ రిజల్యూషన్ అట్లాంటిది. అయినా మన దగ్గర కార్డును విడిగా, మానిటర్‌ను విడిగా, దేని ధర దానిదిగా బేరం చేసి కొంటున్నారు.

విషయం లెక్కలోనే తేలిపోతుంది. తెర మీద కనిపించే ప్రతి బొమ్మ పిక్సెళ్లనే చుక్కలతో తయారవుతుంది. పాత 1366×768 తెరలో సుమారు 10 లక్షల 49 వేల పిక్సెళ్లు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ అని మనం పిలిచే 1920×1080 తెరలో 20 లక్షల 73 వేలు, అంటే దాదాపు రెట్టింపు. క్యూహెచ్‌డీ లేదా 2కే పేరుతో అమ్ముతున్న 2560×1440 తెరలో 36 లక్షల 86 వేలు. 4కే అంటే 3840×2160 తెరలో 82 లక్షల 94 వేలు, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. ఆటలో గాని, త్రీడీ డ్రాయింగులో గాని కనిపించే ప్రతి బొమ్మకూ ఈ పిక్సెళ్లన్నిటి రంగునూ కార్డే లెక్క కట్టాలి. ఆ పని సెకనుకు 60 సార్లు చేయాలా, 144 సార్లు చేయాలా అన్నది మానిటర్ రిఫ్రెష్ రేటును బట్టి ఉంటుంది, దాన్ని హెర్ట్‌జ్‌లలో చెబుతారు.

రెండింటినీ గుణించి చూస్తే చాలామంది ఊహించని సంగతి బయటపడుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరకు సెకనుకు 60 చొప్పున ఇవ్వాలంటే కార్డు సెకనుకు 12 కోట్ల 44 లక్షల పిక్సెళ్లు తయారు చేయాలి. అదే ఫుల్ హెచ్‌డీ తెర 144 హెర్ట్‌జ్‌ది అయితే 29 కోట్ల 86 లక్షలు కావాలి. ఇది 1440 తెరకు 60 చొప్పున ఇవ్వడానికి కావలసిన 22 కోట్ల కన్నా ఎక్కువ. ఇక 1440 తెర, 144 హెర్ట్‌జ్ కలిస్తే 53 కోట్లు దాటుతుంది. 4కే తెరను 60 దగ్గర నడపడానికి కావలసింది 49 కోట్ల 77 లక్షలే. అందువల్ల 4కే మాత్రమే బరువు, మిగిలినవన్నీ తేలిక అనుకోవడం సరికాదు. పిక్సెళ్ల సంఖ్యతో సంబంధం లేని పని కూడా కార్డుకు కొంత ఉంటుంది కాబట్టి, ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 100 ఫ్రేములు (బొమ్మలు) వచ్చిన ఆట 4కేలో కచ్చితంగా 25 ఫ్రేములకు పడిపోతుందని చెప్పలేము. ఆటను బట్టి అటూ ఇటూ అవుతుంది. కానీ ఏ తెర ఎంత బరువో అంచనా వేసుకోవడానికి ఈ గుణకారం చాలు, పదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు.

ఇప్పుడు ఆ "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" సంగతికి వస్తాను. మన జిల్లాల్లో ఎక్కువ మంది నష్టపోతున్నది ఇక్కడే. జీబీ అనేది కార్డు మీద ఉన్న మెమరీ ఎంతో చెప్పే కొలత. కార్డు బలం దానివల్ల తెలియదు. ఫుల్ హెచ్‌డీ తెర మీది ఒక పూర్తి బొమ్మను, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, దాచుకోవడానికి 8 ఎంబీకి కాస్త పైన సరిపోతుంది. 4కే బొమ్మకైనా 33 ఎంబీ చాలు. జీబీలకొద్దీ మెమరీ నిండేది ఆటలోని గోడలు, చెట్లు, దుస్తుల పైపూతల చిత్రాలతో, త్రీడీ మోడళ్ల సమాచారంతో. ఆ సమాచారాన్ని మెమరీ నుంచి, కార్డులో లెక్కలు కట్టే చిప్‌కు ఎంత వేగంగా చేరవేయగలదన్నది బ్యాండ్‌విడ్త్. చిప్ బలం, ఈ బ్యాండ్‌విడ్త్ తక్కువగా ఉన్న కార్డుకు ఎన్ని జీబీలు తగిలించినా ప్రయోజనం ఉండదు.

దీనికి ఎన్విడియా జీటీ 1030 అనే కార్డే సాక్ష్యం. ఇది 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. మరుసటి సంవత్సరం అదే పేరుతో డీడీఆర్4 మెమరీ ఉన్న రకం కూడా వచ్చింది. రెండింటిలోనూ మెమరీ 2 జీబీయే, పెట్టె మీద పేరు ఒకటే. మొదటి దాని బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 జీబీ, రెండో దానిది 16.8 జీబీ. కొటేషన్‌లో "2 జీబీ గ్రాఫిక్స్" అని మాత్రమే రాస్తే ఈ రెండింటిలో ఏది వస్తుందో కొనేవాడికి తెలిసే దారే లేదు. ఇంకా పాతవైన జీటీ 710, జీటీ 730 కార్డులు నేటికీ కొత్త పెట్టెల్లో అమ్ముడవుతున్నాయి. డీడీఆర్3 మెమరీ ఉన్న జీటీ 710 బ్యాండ్‌విడ్త్ 14.4 జీబీ. ఆటోక్యాడ్ తయారు చేసే ఆటోడెస్క్ సంస్థ తన ఇటీవలి వర్షన్లకు కనీసం 29 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉండాలనీ, 106 జీబీ ఉంటే మంచిదనీ స్పష్టంగా ప్రకటించింది. అంటే సివిల్, మెకానికల్ చదివే పిల్లలకు "క్యాడ్ కోసం" అని కట్టబెడుతున్న కార్డు, ఆ సాఫ్ట్‌వేర్ అడిగే కనీస ప్రమాణంలో సగానికి కూడా రావడం లేదు. పైగా కెప్లర్ అనే పాత తరం చిప్‌లకు కొత్త డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం ఎన్విడియా 2021లోనే ఆపేసింది, భద్రతా సవరణలు కూడా 2024తో ముగిశాయి. జీటీ 710, జీటీ 730లలో ఎక్కువ భాగం ఆ తరానివే. పొలం పనుల్లో కూడబెట్టిన డబ్బుతో బిడ్డకు కంప్యూటర్ కొనిస్తున్న తండ్రికి ఇది చెప్పి తీరాలి.

ఇంతకన్నా ముందు చెప్పవలసిన మాట మరొకటి ఉంది. అసలు చాలామందికి విడిగా గ్రాఫిక్స్ కార్డే అవసరం లేదు. వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, ఆన్‌లైన్ పాఠాలు, ప్రోగ్రామింగ్, వీడియోలు చూడటం, టూడీ డ్రాయింగులు, వీటన్నిటికీ ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ సరిపోతుంది. మదర్‌బోర్డు మీది పోర్టు సహకరిస్తే 4కే తెరను కూడా అది నడుపుతుంది. పైన చెప్పిన పాత తరం కార్డు కన్నా నేటి ప్రాసెసర్ గ్రాఫిక్స్ చాలా సందర్భాల్లో మెరుగు. అయితే ప్రాసెసర్ పేరు చివర ఏముందో చూసుకోవాలి. ఇంటెల్‌లో ఐ5 12400 తీసుకుంటే గ్రాఫిక్స్ దానిలోనే ఉంటుంది, 12400ఎఫ్ అయితే ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600జీకి ఉంటుంది, 5600కు ఉండదు. నాలుగు డబ్బులు తక్కువని ఎఫ్ రకం ప్రాసెసర్ రాసి, తెర వెలగడానికి ఒక పాత కార్డును జతచేసే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తోంది. అది కొనేవారికి ఏ విధంగానూ లాభం కాదు.

భూదాన్ పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసేవారు కూడా నన్ను ఇదే ప్రశ్న అడుగుతుంటారు. వారి పని అంతా టూడీ చిత్రాలతోనే కాబట్టి, కార్డుకు పెట్టదలచిన డబ్బును రంగులు నికరంగా చూపే ఐపీఎస్ ప్యానెల్ ఉన్న మంచి మానిటర్‌కు మళ్లించమని చెబుతాను. పక్కనుంచి చూస్తే రంగు మారిపోయే చవక తెర మీద ఎంచిన ఎరుపు, మగ్గం మీదికి వెళ్లాక వేరే ఎరుపుగా కనబడుతుంది. పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసే స్టూడియోల వారిది మరో పరిస్థితి. కెమెరా 4కేలో తీసినంత మాత్రాన ఎడిటింగ్‌కు 4కే మానిటర్ తప్పనిసరి కాదు. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రివ్యూను సగానికో, నాలుగో వంతుకో తగ్గించుకొని ఫుల్ హెచ్‌డీ తెర మీదే పని చేసుకోవచ్చు, చివరి అవుట్‌పుట్ 4కేలోనే వస్తుంది. మెషీన్ లెర్నింగ్ చదివే విద్యార్థులు, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ చేసేవారు మాత్రం మానిటర్‌ను పక్కనపెట్టి మెమరీ, చిప్ బలం చూసుకోవాలి. వారి విషయంలో ఈ ఉత్తరంలోని కొలత వర్తించదు.

ఆటలు, త్రీడీ పని చేసేవారు ముందుగా మానిటర్‌ను నిర్ణయించుకోవాలి, ఆ తర్వాతే కార్డు. మానిటర్‌లో అంగుళాల కన్నా ఒక్కో అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నది ముఖ్యం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి, అక్షరాలు శుభ్రంగా కనిపిస్తాయి. అదే రిజల్యూషన్‌ను 27 అంగుళాలకు సాగదీస్తే 82కు తగ్గి, బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అక్షరాల అంచులు మొరటుగా తెలుస్తాయి. 27 అంగుళాలకు 1440 సరైన జోడీ, దానిలో అంగుళానికి 109 పడతాయి. 27 అంగుళాలలోనే 4కే తీసుకుంటే 163 దాకా వస్తాయి. రాత చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, ఆటలు ఆడేందుకు కార్డు మీద పడే బరువుతో పోల్చితే కంటికి తెలిసే లాభం తక్కువ. మొదటిసారి కొనే విద్యార్థికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరనే నేను సిఫారసు చేస్తాను. ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ ఉన్నదాన్ని ఎంచుకుంటే, కార్డు ఇచ్చే ఫ్రేముల వేగానికి తగ్గట్టు మానిటర్ తన వేగాన్ని మార్చుకుంటుంది. కార్డు ఒక్కోసారి తగ్గినా తెర చిరిగినట్టు కనిపించదు.

తెర తేలాక కార్డు ఎంపిక సులువవుతుంది. ఫుల్ హెచ్‌డీలో 60 లేదా 75 హెర్ట్‌జ్ తెర, వాలరెంట్ వంటి తేలికపాటి ఆటలు అయితే 2019 నాటి జీటీఎక్స్ 1650 స్థాయి కూడా నెగ్గుకొస్తుంది. అదే తెర మీద కొత్త ఆటలు బాగా ఆడాలన్నా, 144 హెర్ట్‌జ్ తెర కొన్నా, ఏఎండీ ఆర్ఎక్స్ 6600, ఆర్ఎక్స్ 7600, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060, 4060 స్థాయి కార్డులు సరైనవి. 1440 తెరకు ఆర్‌టీఎక్స్ 4070, ఆర్ఎక్స్ 7800 ఎక్స్‌టీ వంటివి కావాలి. అక్కడి నుంచి మెమరీ కూడా లెక్కలోకి వస్తుంది, కొత్త ఆటల్లో 8 జీబీ ఇరుకైపోతుంది కాబట్టి 12 జీబీకి తగ్గకుండా చూసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ అనే కార్డు ఒకే చిప్‌తో 8 జీబీ, 16 జీబీ రకాలుగా వచ్చింది. ఫుల్ హెచ్‌డీలో చాలా ఆటల్లో రెండింటికీ తేడా తెలియదు, రిజల్యూషన్, చిత్రాల నాణ్యత పెంచిన కొద్దీ తేడా బయటపడుతుంది. జీబీల విలువ కూడా తెరను బట్టే ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 4కేలో ఆటలు నిండుగా ఆడాలంటే ఆర్‌టీఎక్స్ 4080, 5080, ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ వంటి కార్డులు కావాలి. ఒక్క కార్డు ధరకు మామూలు కంప్యూటర్లు రెండు వస్తాయి కాబట్టి, మన ప్రాంతంలో ఎవరైనా అడిగితే ఆ దారిని నేను ప్రోత్సహించను. ధరలు వారం వారం మారుతున్నందున ఇక్కడ రాయడం లేదు.

కార్డు పెట్టె మీద "8కే సపోర్ట్", "7680×4320" అని ఉండటం చూసి మురిసిపోయేవారు ఉన్నారు. అది ఆ కార్డు పోర్టు ఎంత పెద్ద తెరకు సంకేతం పంపగలదో చెప్పే అంకె. ఆ తెర మీద ఆట నడపగలదని దాని అర్థం కాదు. ఆర్‌టీఎక్స్ 4060 పెట్టెకు కూడా ఆ అంకె వర్తిస్తుంది, అయినా అది ఫుల్ హెచ్‌డీ కార్డే. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ అనే పద్ధతులతో ఏ కార్డుకైనా 4కే వచ్చేస్తుందన్న ప్రచారమూ పూర్తి నిజం కాదు. ఇవి తక్కువ రిజల్యూషన్‌లో బొమ్మ గీసి, దానిని పెద్ద తెరకు సరిపోయేలా తీర్చిదిద్దుతాయి. 4కేలో క్వాలిటీ మోడ్ పెడితే కార్డు లోపల 1440లో గీస్తుంది, పర్ఫామెన్స్ మోడ్‌లో 1080లో గీస్తుంది. పెద్ద తెరల మీద ఫలితం మెచ్చుకోదగ్గది. ఫుల్ హెచ్‌డీ తెర మీద క్వాలిటీ మోడ్ పెడితే మాత్రం 720లో గీసినదాన్ని పెంచవలసి వస్తుంది, సమాచారం తక్కువ కాబట్టి దూరపు తీగలు, ఆకులు, సన్నని గీతలు అలుక్కుపోతాయి. బలం తక్కువైన కార్డుకు ఆసరాగా దీన్ని వాడుకోవచ్చు గానీ, దీన్ని చూపించి తక్కువ కార్డును ఎక్కువ తెరకు అంటగట్టడం న్యాయం కాదు.

ఇంట్లో ఇప్పటికే కంప్యూటర్ ఉండి కార్డు మార్చాలనుకునేవారికి ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఆటలో సెట్టింగులన్నీ అట్లాగే ఉంచి, రిజల్యూషన్ ఒక్కటి తగ్గించి చూడాలి. ఫ్రేములు బాగా పెరిగితే ఇప్పటిదాకా వెనకబడింది కార్డు, కొత్త కార్డు పెడితే ఫలితం ఉంటుంది. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే వెనకబడింది ప్రాసెసర్, ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా మార్పు కనిపించదు. దీని వెనక కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు వెళ్లింది, తర్వాత ఏం గీయాలి అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది, ఆ పని తెర చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఒక్కటే. పిక్సెళ్లు పెరిగితే బరువు పెరిగేది కార్డుకే. అందుకే పాత ప్రాసెసర్ ఉన్నవారు 144 హెర్ట్‌జ్ ఫుల్ హెచ్‌డీ తెర కొంటే నిరాశపడే అవకాశం ఎక్కువ. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫామెన్స్ పేజీ తెరిచి, ఆట నడుస్తుండగా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 95 శాతం దాటుతోందో లేదో చూసినా ఇదే తెలుస్తుంది. ఫ్రేములకు ఆటలోనే పరిమితి పెట్టి ఉంటే దాన్ని ముందు తీసేయాలి. కార్డులో ఏ రకం మెమరీ ఉందో, బ్యాండ్‌విడ్త్ ఎంతో తెలుసుకోవడానికి జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొన్న రోజే దుకాణంలో దాన్ని తెరిచి చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

సరైన కార్డు కొన్న తర్వాత కూడా దాని ఫలం అందకుండా పోయే సందర్భాలు ఉన్నాయి. మా శిక్షణ కేంద్రానికి బాగు కోసం వచ్చే సీపీయూలలో తరచుగా చూసేది చెబుతాను. వెనక భాగంలో పైవైపు నిలువుగా యూఎస్‌బీ, లాన్ పోర్టుల వరుసలో ఒక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, అది మదర్‌బోర్డుది. దాని కింద అడ్డంగా ఉన్న పోర్టులు గ్రాఫిక్స్ కార్డువి. మానిటర్ కేబుల్ పైదానికి గుచ్చి ఉంటుంది. కింద కార్డు పోర్టులకు ఫ్యాక్టరీలో పెట్టిన నల్లటి ప్లాస్టిక్ మూతలు ఊడకుండా అట్లాగే ఉంటాయి. వేల రూపాయల కార్డు ఫ్యాన్ తిప్పుకుంటూ ఊరకే కూర్చొని ఉంటుంది, తెరను నడిపేది ప్రాసెసర్ గ్రాఫిక్స్. ఇంటికి వచ్చి బిగించిన కుర్రవాడికి ఎవరూ నేర్పకపోవడమే దీనికి కారణం. అట్లాగే 144 హెర్ట్‌జ్ మానిటర్ కొన్నా విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోతుంది. డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు వెళ్లి రిఫ్రెష్ రేటును మనమే మార్చుకోవాలి. 43 అంగుళాల 4కే టీవీని మానిటర్‌గా వాడుకునేవారు కార్డు పోర్టు హెచ్‌డీఎంఐ 2.0 లేదా అంతకన్నా కొత్తదో కాదో చూసుకోవాలి. 1.4 అయితే 4కేలో 30 హెర్ట్‌జే వస్తుంది, మౌస్ కదిపితే బాణం గుర్తు ఈడ్చినట్టు వెనక వస్తుంటుంది. వీజీఏ పోర్టు మాత్రమే ఉన్న పాత మానిటర్‌కు కొత్త కార్డులు నేరుగా తగలవు. దానికి కన్వర్టర్ వెతకడం కన్నా మానిటర్ మార్చడమే మేలు.

కరెంటు విషయం కూడా పెద్ద తెర, పెద్ద కార్డుతో ముడిపడి ఉంది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లే, అంతకు మించినదానికి ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగ రావాలి. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్ఎక్స్ 6600కు 132, ఆర్‌టీఎక్స్ 3060కి 170, ఆర్ఎక్స్ 7800 ఎక్స్‌టీకి 263 వాట్లు కావాలి. క్యాబినెట్‌తో పాటు వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని ముద్రించి ఉన్నా దానిని నమ్మి ఈ కార్డులు బిగించకూడదు. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకే ఇస్తుంది. 1440 తెర కోసం పెద్ద కార్డు పెట్టాక కరెంటు పోయిన మరుక్షణమే కంప్యూటర్ ఆగిపోతుంటే దోషం కార్డుది కాదు. మన నల్లగొండ, పాలమూరు వేసవి సంగతి మీకు చెప్పనవసరం లేదు. గదిలో గాలే 40 డిగ్రీలు ఉన్నప్పుడు కార్డు ఫ్యాన్ ఆ వేడి గాలినే పీల్చి చిప్‌ను చల్లార్చాలి. వేడి హద్దు దాటితే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కార్డును ఎప్పుడూ చివరి అంచున నడపనవసరం లేని తెరను ఎంచుకోవడం ఏప్రిల్, మే నెలల్లో ఎంత మేలు చేస్తుందో ఇక్కడివారు ఆలోచించాలి. ఫ్రేములను 60కో 75కో పరిమితం చేసుకున్నా వేడి, కరెంటు ఖర్చు రెండూ తగ్గుతాయి.

సెకండ్ హ్యాండ్ కార్డుల గురించి ఒక్క మాట. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించే మైనింగ్ ఆగిపోయిన తర్వాత ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బజారుకు వచ్చాయి. అన్నీ చెడ్డవి కావు గానీ, మన తెర రిజల్యూషన్ దగ్గర అరగంట నడిపించి చూడకుండా, సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకుండా తీసుకోవద్దు.

ఇక దుకాణదారులకు నా విన్నపం. వారిలో ఎక్కువమంది మా దగ్గర నేర్చుకున్నవారే, కష్టపడి పైకి వచ్చినవారే. వారిని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. కొటేషన్ రాసే ముందు "ఏ మానిటర్ వాడుతున్నారు, ఏం పని చేస్తారు?" అని అడగండి. కాగితం మీద కార్డు పూర్తి పేరు, మెమరీ రకం, మానిటర్ రిజల్యూషన్, హెర్ట్‌జ్, ఎస్‌ఎంపీఎస్ కంపెనీ పేరు, వాట్లు రాయండి. ఇందుకు పట్టేది రెండు వరుసల సిరా. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా పోయి కొనుక్కొచ్చేవారిలో కొందరైనా అప్పుడు మన ఊళ్లోనే కొంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు నాణ్యత, సామర్థ్యం, ప్రమాణం, ధర గురించి తెలుసుకోవడం కొనేవారి హక్కు. "4 జీబీ గ్రాఫిక్స్" అన్న మూడు మాటలతో ఆ హక్కు తీరదు. రాసిచ్చింది ఒకటి, బిగించింది మరొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చని, జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని ప్రజలకు తెలియాలి.

మీ పత్రికకు కూడా ఒక అభ్యర్థన ఉంది. అడ్మిషన్ల సమయంలో చదువుల పేజీలో కళాశాలల వివరాలతో పాటు ఏ కోర్సు విద్యార్థికి ఎటువంటి కంప్యూటర్, ఏ తెర, దానికి ఏ స్థాయి కార్డు చాలునో తెలిపే చిన్న పట్టికను ఏటా ప్రచురించండి. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు దానిని సరిచూసి ఇస్తే ప్రజలకు నమ్మకం కలుగుతుంది. మీరు అనుమతిస్తే మొదటి పట్టికను నేనే తయారు చేసి పంపుతాను, ధరలను ప్రచురించే వారంలో సరిచేసి ఇస్తాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ శిక్షకుడు,
నల్లగొండ